వారానికి 5 నిమిషాల స్టార్టింగ్ వద్దు
పాత కారును నెలల తరబడి పక్కన పెట్టాల్సి వస్తే వారానికోసారి 5 నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలన్న మాటతో నేను ఏకీభవించను. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కకముందే ఆపేస్తే ఆ తేమ సైలెన్సర్‌లో, ఆయిల్‌లో ఉండిపోతుంది. స్టార్టర్ లాగేసిన ఛార్జింగ్ కూడా బ్యాటరీకి పూర్తిగా తిరిగి రాదు. కాకినాడలో మా నాన్నగారి అంబాసిడర్‌ని రెండేళ్లు ఇలాగే ఎంతో జాగ్రత్తగా చూసుకుంటున్నాం అనుకున్నాం. సైలెన్సర్‌కి లోపలి నుంచే తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచడంతో వెనక బ్రేక్ షూలు డ్రమ్ములకు అతుక్కుపోయాయి, అవి ఊడదీయడానికి మెకానిక్‌కి ఒక పూట పట్టింది. ఇప్పుడైతే కొత్త ఆయిల్ పోయించి, బ్యాటరీ తీసేసి, చక్రాలకు చెక్కముక్కలు అడ్డం పెట్టి హ్యాండ్‌బ్రేక్ వదిలేస్తున్నాం. కవరు మాత్రం నూలుదే. ప్లాస్టిక్‌ది కప్పితే మా సముద్రపు గాలికి లోపలంతా చెమ్మే.