కంప బిల్లుకు ఎసరు

పులికంప (లాంటానా పొద) పీకిన చోట బోద గడ్డి, బలుసు, తంగేడు, చండ్ర లాంటి మన మొక్కలు పెంచితే కంప తిరిగి రాదని కొందరు అంటున్నారు. బాధ్యత గల పౌరుడిగా దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

కంప మీద ఎందరు బతుకుతున్నారో వీళ్లకు తెలుసా? ఎండాకాలంలో జేసీబీ వస్తుంది, ఫొటో పడుతుంది, బిల్లు పాసవుతుంది. నరికిన మోడు చావదు, కాల్చినా చిగురిస్తుంది. పికిలిపిట్టలు పండ్లు తిని, కూలి అడక్కుండా కొండంతా విత్తనాలు చల్లిపెడతాయి. మరుసటేడు మళ్లీ టెండరు. ఇంత నమ్మకంగా డబ్బులిచ్చే పంట మదనపల్లె టమాటా కూడా కాదు.

అలాంటిదాన్ని మట్టి లోపలికంటా వేరు నరికి, తలకిందులుగా పెట్టమని ఢిల్లీ ప్రొఫెసర్ సి.ఆర్.బాబు ఏనాడో చెప్పారు. పైగా ఆ నేలను ఖాళీగా వదలకూడదట! తిరుపతి బస్టాండులో పల్లెవెలుగు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తుండుగుడ్డ పడుతుంది కదా, అదే శాస్త్రం. వెలుగు, నీళ్లు, నేల సారం మనవాళ్లే వాడుకుంటుంటే కొత్తగా వచ్చినవాడికి సీటుండదు. గడ్డీ పొదా చెట్టూ అన్నీ కావాలి. ఒక్క రకమే నాటడమంటే ఒక్క తుండుతో బస్సంతా ఆపినట్టు.

కంప అమెరికా నుంచి వచ్చిందంటే, మరి మిరపకాయ కూడా అమెరికాదేగా అంటారా? నిజమే. కానీ నీళ్లు పోయకపోతే చచ్చిపోయేంత మర్యాద దానికుంది. తెల్లదొరలు తోటల్లో అందానికి పెంచిన కంపకు అదీ లేదు.

శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వు (జీవజాలాన్ని కాపాడే ప్రాంతం) చేశారు. ఎర్రచందనం దుంగ ఎత్తుకుపోతే టాస్క్‌ఫోర్స్ వెంటపడుతుంది. కంప కొండనే ఆక్రమిస్తున్నా దాని మీద ఎఫ్‌ఐఆర్ లేదు. వనమహోత్సవానికి కావలసిన అర్హతలన్నీ ఉండబట్టేనేమో: త్వరగా ఎదుగుతుంది, మేక ముట్టదు, ఫొటోలో పచ్చగా పడుతుంది.

చంద్రగిరి దారిలో మేకలు కాసే తాతను నా పక్షాన సాక్ష్యం చెప్పమన్నాను.

"కసువుంటే కంప యాడొస్తాది సామీ?" అన్నాడు. టెండరు విధానం తెలియని అమాయకుడు.

"ఆ గడ్డి నిలదొక్కుకునేదాకా రెండు మూడేండ్లు నీ మేకల్ని ఆపుతావా తాతా?"

"నువ్వు ఆ జేసీబీని ఆపుతావా?" అన్నాడు.