బార్ ఎండ్ వెయిట్ల జంటకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ, అదురు తగ్గించడానికని నా మోటార్ సైకిల్ హ్యాండిల్ బార్ రెండు కొసల మీద కొలువుదీరిన బార్ ఎండ్ వెయిట్ల వారి సముఖానికి,

ఉభయకుశలోపరి. నా వైపు కుశలం మాత్రం నిన్న హైవే దిగినప్పటి నుంచి కొంచెం తక్కువగానే ఉంది. కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు రాత్రి భోజనం వేళకు గానీ స్పర్శలోకి రాలేదు.

తప్పంతా తమరిదేనని అనను. ఒకే సిలిండరున్న ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకునే ఊపును క్రాంక్ (పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) మీది బరువు పూర్తిగా తీర్చలేదు, ఆ ఊపుకు ఎదురుగా తిరిగే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉన్నా కొంత మిగిలే ఉంటుంది. ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) రెట్టింపైతే ఆ మిగిలిన బలం నాలుగు రెట్లవుతుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 100 కుదుపులు బార్‌కు చేరతాయి. ఆ లెక్క బార్ సొంత సహజ పౌనఃపున్యంతో (తట్టి వదిలితే అది తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు అదురుతుందో ఆ లెక్కతో) కలిసినచోట అదురు విజృంభిస్తుంది. ఆ కలయిక నా దారిలో జరగకుండా చూడడమే తమ ఉద్యోగం.

తమరు చేసినదేమిటి? బార్ కొసకు బరువు చేరితే దాని సహజ పౌనఃపున్యం తగ్గుతుంది కనుక, ఇదివరకు 95 కిలోమీటర్ల వేగం దగ్గర వచ్చే అదురు ఇప్పుడు 80 దగ్గర వస్తోంది. 95లో నేను ఓవర్‌టేక్ చేసే కాసేపే ఉండేవాణ్ణి. 80లో పొద్దస్తమానం ఉంటాను. అదురు పోలేదు, ఇల్లు మారింది. మారి మారి నేను కాపురముండే చోటికే వచ్చింది. 76 దగ్గర అద్దం నిర్మలంగా ఉంటుంది. 80 తగలగానే వెనక లారీ హెడ్‌లైట్లు రెండూ కలిసి ఒక తెల్లటి చారగా సాగిపోతాయి, అది దగ్గరికొస్తోందో లేదో హారన్ చెబితే తప్ప తెలియదు.

నేరం ఇంకెవరిదైనా కావచ్చునేమోనని విచారించాను. అదే వేగంలో క్లచ్ పట్టి థ్రాటిల్ వదిలితే అదురు ఠక్కున ఆగుతుంది కాబట్టి చక్రాలు, టైర్లు నిర్దోషులు. ఇంజన్ మౌంటింగ్ బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి. జెల్ గ్రిప్పుల వల్ల పిడికిలి లావెక్కింది, అదురు సన్నబడలేదు. "సింగిల్ సిలిండరంటే అంతే సార్" అన్న మెకానిక్ గారి వేదాంతానికి నమస్కారం. చెయిన్‌ను తిప్పే ముందు పళ్ళచక్రానికి, అంటే స్ప్రాకెట్‌కు, 14 పళ్ళ బదులు 15 పెట్టమన్నారు. అప్పుడు ఈ అదురు 86 దగ్గరికి జరుగుతుందట. అంటే తమరికి వసతి కల్పించడానికి నేను గేరింగ్ మార్చుకోవాలన్నమాట. ఇంజన్ వైబ్రేషన్ ఫోన్ కెమెరాను పాడుచేయవచ్చునని యాపిల్ సంస్థ 2021లోనే హెచ్చరించింది. ఫోన్‌కు దొరికిన ఆ పాటి జాలి నా వేళ్ళకు దొరకలేదు.

అసలు నువ్వెంత? ఒక ఇనుప ముక్కవు. నీకున్న సుగుణమల్లా బరువు ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ సరైన లెక్కలో పెట్టి పంపలేకపోయారు నిన్ను చేసినవాళ్ళు. ఏ బార్‌కు ఎన్ని గ్రాములు కావాలో ఒక్క ముక్క రాయకుండా, అన్ని బళ్ళకూ సరిపోతుందని పెట్టె మీద అచ్చేశారు. సరిపోయింది స్క్రూ థ్రెడ్ ఒక్కటే!

మళ్ళీ మర్యాదలోకి వస్తున్నాను. 50 లోపు వేగాల్లో తమరు వచ్చాక బార్ నిజంగానే మెత్తబడింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. అయినా తమకన్నా బరువైన జత ఒకటి వచ్చే వారం చేతికి రానుంది. లెక్క ప్రకారం అది అదురును 70 దాకా దించాలి. టాప్ గేరులో 70 దగ్గర నేను నిలిచేది తక్కువ. అంతవరకు తమరే కొనసాగండి. నేను 76 దాటకుండా ఎడమ పక్కన పోతుంటాను, లారీల వారు దయచేసి కుడి నుంచి దాటుకుని వెళ్ళవచ్చు.

ఇట్లు,
తమ బరువు మోస్తున్న ఒక రైడరు