మందుల పేటెంట్లు: సంతకానికి ముందే చూడాల్సిన షరతులు

హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ బ్రెజిల్‌కు పంపిన రక్తపోటు మందు లోసార్టాన్ ముడిసరుకును 2008 డిసెంబరులో నెదర్లాండ్స్ కస్టమ్స్ అధికారులు మార్గమధ్యంలో నిలిపివేశారు. ఆ మందుకు తయారైన భారత్‌లో గానీ, కొన్న బ్రెజిల్‌లో గానీ పేటెంట్ లేదు; సరుకు కాసేపు ఆగిన దేశంలో పేటెంట్ ఉండటమే అభ్యంతరం. చివరకు అది బ్రెజిల్ చేరకుండానే వెనక్కి వచ్చింది. 2010 మేలో భారత్, బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థ(డబ్ల్యూటీవో)ను ఆశ్రయించాక గానీ ఐరోపా సమాఖ్య మెత్తబడలేదు.

పేటెంట్ ఏ దేశానికి ఆ దేశం ఇచ్చుకునే హక్కు. దాన్ని వాణిజ్యానికి ముడివేసిన డబ్ల్యూటీవో మేధోసంపత్తి ఒప్పందం ట్రిప్స్ కనీస ప్రమాణాలు పెడుతూనే, ప్రజారోగ్యం కోసం కొన్ని వెసులుబాట్లూ ఉంచింది. వాటి విలువ ఎంతో 2012 మార్చిలో తెలిసింది. బేయర్ కంపెనీ నెలకు సుమారు రూ.2.80 లక్షలకు అమ్ముతున్న కేన్సర్ మందు నెక్సావర్‌ను తయారు చేసేందుకు హైదరాబాద్ కంపెనీ నాట్కోకు పేటెంట్ కంట్రోలర్ కంపల్సరీ లైసెన్సు (పేటెంట్ యజమాని ఒప్పుకోకున్నా ఇచ్చే అనుమతి) ఇచ్చి, నెల మందు ధర రూ.8,880 మించరాదన్నారు. బేయర్‌కు రాయల్టీ కూడా దక్కింది కాబట్టి దీన్ని దోపిడీ అనడం చెల్లదు. పేటెంట్‌ను దేశంలో ఎంతమేరకు వినియోగిస్తున్నారో తెలిపే ఫారం 27లో బేయర్ స్వయంగా ఇచ్చిన లెక్కలే ఆ ఉత్తర్వుకు ఒక ఆధారమయ్యాయి.

ఆ ఫారాన్ని ఇప్పుడు ఏటా ఇవ్వనక్కర్లేదు, మూడేళ్లకోసారి చాలు. ఈ సవరణ 2024 మార్చి 15న వెలువడింది. స్విట్జర్లాండ్, నార్వే తదితర దేశాల ఎఫ్టా కూటమితో వాణిజ్య ఒప్పందంపై సంతకాలు జరిగింది అదే నెల 10న. ముసాయిదా 2023 ఆగస్టులోనే వచ్చింది కాబట్టి ఒప్పందం కోసమే సవరించారనడానికి ఈ తేదీలే రుజువని అనలేం. అయినా ఆధారం అందడం ఆలస్యమైతే లైసెన్సు కోరడం కష్టమవుతుందన్నది మాత్రం కాదనలేని నిజం. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందమైతే మందుల అందుబాటుకు, పేటెంట్ యజమాని తానే ఇష్టపడి ఇచ్చే స్వచ్ఛంద లైసెన్సులే మేలైన మార్గమని రాసుకుంది. కంపల్సరీ లైసెన్సు హక్కు చెక్కుచెదరలేదని ప్రభుత్వం చెబుతోంది. అక్షరాలా అది సరే గానీ, రేపు కోర్టులో ఎదుటి పక్షం న్యాయవాది ముందుగా చదివి వినిపించేది స్వచ్ఛంద లైసెన్సులే మేలన్న ఆ వాక్యాన్నే.

పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంట్ పొందడాన్ని అడ్డుకునేలా పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(డి)ని 2005లో పార్లమెంటు చర్చించి సవరించింది. వాణిజ్య ఒప్పందాలకు మాత్రం పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. కనీసం మేధోసంపత్తి అధ్యాయాన్నైనా సంతకానికి ముందే పార్లమెంటు వాణిజ్య స్థాయీ సంఘం ముందుంచాలి. సభలో గెలుచుకున్న రక్షణను సభ చూడని పత్రం పలుచన చేయడానికి వీల్లేదు.