మూడు కోట్ల జీతం, తొమ్మిది 'మే'లు

భానుమూర్తి ఇరవై ఆరేళ్లు ఇంగ్లిషు వ్యాకరణం చెప్పి ఈ మధ్యే స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకున్న మాస్టారు. ఆయన భార్య సుభద్ర ఆడిట్ ఆఫీసులో పద్దులు చూసి చూసి, ఇప్పుడు ఇంట్లో ఏ కాగితం కనపడినా ముందు పెన్సిలు వెతుక్కునే మనిషి. మాటను మధ్యలో తుంచడం వల్లనే తమ గొడవలు ముదురుతున్నాయని తేల్చుకుని, ఇకమీదట ఏ విషయమైనా పూర్తి వాక్యాల్లోనే మాట్లాడుకోవాలని పోయిన నెలలో ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. గొడవలు తగ్గలేదు గానీ వాక్యాలు మాత్రం పొడుగయ్యాయి.

భానుమూర్తి: సుభద్రా, వియత్నాం రాజధాని హనోయ్‌లోని ఒక భాషా శిక్షణ కేంద్రం వారు నన్ను ఇంగ్లిషు అధ్యాపకుడిగా రమ్మంటూ ఉత్తరం పంపారనీ, అందులో నా నెల జీతం అక్షరాలా మూడు కోట్లని రాశారనీ నీకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

సుభద్ర: మూడు కోట్ల పక్కన ఇంకో మాట ఏదో ఉండి ఉంటుంది, అది కూడా చదివితే నేను సంతోషించాలో వద్దో తేల్చుకుంటాను.

భానుమూర్తి: పక్కన 'డాంగ్' అని ఉంది.

సుభద్ర: డాలరుకు పాతిక వేల డాంగులకు పైగానే వస్తాయి కాబట్టి, మీ మూడు కోట్లు డాలర్లలోకి మారేసరికి పన్నెండు వందలకు కూడా చేరవు. ఆ దేశంలో అన్నిటికంటే పెద్ద నోటు అయిదు లక్షలది. అలాంటివి ఇరవై నోట్లు జేబులో ఉన్న ప్రతివాడూ అక్కడ కోటీశ్వరుడే.

భానుమూర్తి: నెలకు అరవై నోట్లు తెచ్చే మనిషిని పట్టుకుని 'ప్రతివాడూ' అనడం భావ్యం కాదు.

సుభద్ర: ఆ అరవై నోట్లు పన్నుకు ముందో తర్వాతో ఉత్తరంలో రాయలేదండీ. ఏడాదిలో 183 రోజులైనా ఉన్నవాడిని అక్కడి పన్ను నివాసిగా లెక్కిస్తారు, అంతకంటే తక్కువ ఉంటే జీతంలో నేరుగా 20 శాతం పన్ను కింద కోసేస్తారు. అంటే నాలుగో నెలలో మీకు అలవాటైన అలక వచ్చి వెనక్కి తిరిగితే, నెలకు పన్నెండు నోట్లు ఆ ప్రభుత్వానికి చదివించి వచ్చినట్టు లెక్క.

భానుమూర్తి: నేను డబ్బు కోసం వెళ్లడం లేదు. నాకు ఇంగ్లిషు వచ్చునని ఒక దేశం ఒప్పుకుంది, అందుకోసం వెళుతున్నాను. దక్షిణ కొరియాకు దరఖాస్తు పెడదామని చూసినప్పుడు ఏం జరిగిందో నీకు తెలియనిది కాదు. అక్కడ ఇంగ్లిషు చెప్పేవాళ్లకిచ్చే ఈ-2 వీసా సాధారణంగా ఏడు దేశాల పౌరులకే ఇస్తారు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా అనే ఆ ఏడింటిలో పుట్టి, ఏదో ఒక డిగ్రీ చేతిలో ఉంటే చాలు, తన నోటి నుంచి వచ్చే వాక్యంలో కర్త ఎక్కడుందో తెలియకపోయినా అధ్యాపకుడైపోవచ్చు. ఇరవై ఆరేళ్లు ప్రెజెంట్ పర్ఫెక్ట్ చెప్పిన నేను మాత్రం అది నా మాతృభాష కాదు గనుక పనికిరాను. బ్రజ్ కచ్రూ అనే మన భాషాశాస్త్రవేత్త 1985 నాటికే ఇంగ్లిషు ప్రపంచాన్ని మూడు వలయాలుగా గీసి, ఇంగ్లిషు మాతృభాషైన లోపలి వలయం వాళ్లకే కాక మనలాంటి బయటి వలయం వాళ్లకు కూడా ఆ భాష మీద హక్కు ఉందని వాదించాడు.

సుభద్ర: వీసా కిటికీ వెనక కూర్చున్న అధికారికి ఆయన వలయాల గురించి ఎవరూ చెప్పినట్టు లేరు.

భానుమూర్తి: అందుకే నా గురించి నేనే చెప్పుకోవడానికి పరభాషల వాళ్లకు ఇంగ్లిషు నేర్పే అర్హతకిచ్చే 120 గంటల టెఫెల్ సర్టిఫికెట్ కూడా ఆన్‌లైన్‌లో సంపాదించాను.

సుభద్ర: అది మీరు ఆరు రాత్రుల్లో పూర్తి చేశారు. ఆరు రాత్రుల్లో 120 గంటలంటే రాత్రికి 20 గంటలవుతాయి. అంత పొడుగైన రాత్రులు ఈ ఇంట్లో గడిచినట్టు నాకు గుర్తు లేదు. సెల్టా అనే కోర్సులోనూ 120 గంటలే గానీ, అందులో ఎదురుగా నిజమైన విద్యార్థుల్ని కూర్చోబెట్టి, వెనక పరిశీలకుడు రాసుకుంటుండగా ఆరు గంటలు పాఠం చెప్పిస్తారట. మీ కోర్సులో పరిశీలకుడు ఎవరో చెప్పగలరా?

భానుమూర్తి: ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్నవాడికి బటన్ నొక్కితే తరువాతి పాఠం రావడమే గొప్ప గౌరవం.

(సుభద్ర ఆ మాటకు జవాబివ్వకుండా ఉత్తరాన్ని బల్ల మీద పరుస్తుంది. నాలుగు పేజీల నిండా పెన్సిలు చుక్కలు ఉన్నాయి. అక్కడక్కడా సున్నాలు కూడా చుట్టి ఉన్నాయి.)

భానుమూర్తి: నా నియామక పత్రానికి అమ్మవారు పోసినట్టుందేమిటి?

సుభద్ర: చుక్కలు 'షల్' అన్న మాట ఉన్న చోట్లు, సున్నాలు 'మే' అన్న మాట ఉన్న చోట్లు. నాకు మీ అంత వ్యాకరణం రాదు, మొదట్లో ఆ 'మే' నెల పేరేమో అనుకుని, ఇన్ని పనులూ ఒక్క నెలలోనే చేస్తారా అని ఆశ్చర్యపోయాను కూడా. తర్వాత లెక్క తీస్తే ఒక సంగతి తేలింది. మీరు చేయాల్సిన ప్రతి పనికీ 'షల్' అని రాశారు, అవి పదిహేడు. వాళ్లు చేయాల్సిన ప్రతి పనికీ 'మే' అని రాశారు, అవి తొమ్మిది. ఈ రెండు మాటలకూ తేడా ఏమిటో మాస్టారుగా మీరే సెలవివ్వండి.

భానుమూర్తి (గొంతు సవరించుకుని): మోడల్ క్రియల పాఠంలో నేను ఎప్పుడూ చెప్పేది ఏమిటంటే, ఒప్పందాల భాషలో 'షల్' అంటే చేసి తీరాలని, 'మే' అంటే మనసైతే చేయవచ్చు, మానవచ్చు అని.

సుభద్ర: అయితే ఆరో పేరా చదవండి.

భానుమూర్తి: 'ది సెంటర్ మే ప్రొవైడ్ అకామడేషన్.'

సుభద్ర: ఇప్పుడు ఏడోది.

భానుమూర్తి: 'ది సెంటర్ మే రీయింబర్స్ ఎయిర్‌ఫేర్.' (కొంచెం ఆగి) విమానం టిక్కెట్టు డబ్బు ఇస్తామన్నట్టే చదివాను నేను.

సుభద్ర: విమానం ఎక్కించే వాడు 'మే' అనడు కదండీ, టిక్కెట్టు కొన్నాకే ఎక్కిస్తాడు. ఇరవై ఆరేళ్లు పిల్లలు ఈ మాట తప్పు రాస్తే ఎర్ర సిరాతో మార్కు కోసిన మీరు, మీ జీతం ఉత్తరంలో మాత్రం తొమ్మిది చోట్ల దాన్ని ఒప్పుగా చూసి వదిలేశారు.

భానుమూర్తి: వ్యాకరణపరంగా అందులో దోషం లేదు.

సుభద్ర: లేదు కాబట్టే ప్రమాదం. ఇక తొమ్మిదో పేరాలో వారానికి 24 కాంటాక్ట్ అవర్స్ అని ఉంది. అవి తరగతిలో నిలబడే గంటలు మాత్రమే. పాఠం తయారీ, పేపర్లు దిద్దడం, తల్లిదండ్రులకు నివేదికలు రాయడం అన్నీ దానికి వెలుపలే. పిల్లలు బడి నుంచీ, పెద్దవాళ్లు ఆఫీసు నుంచీ వచ్చాకే ఇలాంటి కేంద్రాలు నిండుతాయి గనుక ఆ గంటలు సాయంత్రాల్లోనూ, శని ఆదివారాల్లోనూ పడతాయి. మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోకపోతే లోకం మీద విరక్తి చెందే మీరు రాత్రి తొమ్మిదింటికి ఎనిమిదేళ్ల పిల్లల చేత పాటలు పాడించాలి.

భానుమూర్తి: పాటల సంగతి ఎక్కడ ఉంది?

సుభద్ర: పద్నాలుగో పేరాలో, 'షల్' పక్కన.

(భానుమూర్తి పద్నాలుగో పేరాను రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు.)

సుభద్ర: ప్రొబేషన్ మూడు నెలలని రాశారు. ఆ దేశపు 2019 నాటి కార్మిక చట్టం ప్రకారం డిగ్రీ అవసరమయ్యే మీలాంటి ఉద్యోగానికి అది 60 రోజులు దాటకూడదు, ఆ రోజుల్లో జీతం కూడా 85 శాతానికి తగ్గకూడదు. అన్నిటికంటే నాకు మింగుడుపడనిది చివరి పేజీ. ముందు పర్యాటక వీసా మీద వచ్చేయండి, వర్క్ పర్మిట్ సంగతి తర్వాత చూద్దామంటున్నారు. పర్యాటకుడు పాఠం చెబితే అది అక్కడి చట్టానికి విరుద్ధం, పట్టుబడితే జరిమానా కేంద్రానికీ పడవచ్చు గానీ, దేశం విడిచి వెళ్లాల్సింది మాత్రం మీరే.

భానుమూర్తి: అన్నీ నువ్వే చదివేశావు గనుక భాష విషయమైనా నాకు వదిలిపెట్టు. వియత్నామీయులు రాసుకునేది రోమన్ లిపి కాబట్టి వీధిలో బోర్డులు నేను ఇట్టే చదివేస్తాను.

సుభద్ర: చదువుతారు గానీ పలకలేరు. హనోయ్ మాటల్లో గొంతు ఎత్తి దించే తీరును బట్టి ఆరు స్వరాలున్నాయి. 'మా' అన్న ఒక్క అక్షరమే స్వరం మారితే దెయ్యం, తల్లి, కానీ, సమాధి, గుర్రం, వరినారు అవుతుంది. మీరు అక్కడ నలుగురిలో నన్ను చూపించి 'మా ఆవిడ' అని మొదలుపెట్టారంటే నేను ఏమైపోతానో ఆలోచించండి.

భానుమూర్తి: స్వరం విషయంలో జాగ్రత్త పడతాను గానీ అర్థం విషయంలో హామీ ఇవ్వలేను.

సుభద్ర: అసలు నన్ను చూపించాలంటే నేను అక్కడ ఉండాలి కదా! నాలుగు పేజీల్లో మీ వీపు మీద మోయాల్సిన ప్రొజెక్టర్ గురించి కూడా ఉంది, భార్య గురించి ఒక్క 'మే' అయినా లేదు.

(కొంతసేపు నిశ్శబ్దం. సుభద్ర పెన్సిలు చెక్కుతున్నది గానీ దాని ములుకు ఇదివరకే వాడిగా ఉంది.)

భానుమూర్తి: అంటే, నువ్వు కూడా వస్తావా?

సుభద్ర: వస్తానని నేను అనలేదు, అడగలేదని మాత్రమే అన్నాను. ముందు కాగితాలు చూడండి. వర్క్ పర్మిట్ కావాలంటే డిగ్రీ అసలు ప్రతి మీద ఇక్కడి విదేశాంగ శాఖ ధ్రువీకరణ ముద్ర పడాలి, ఆ పైన వాళ్ల రాయబార కార్యాలయం ముద్ర పడాలి, పోలీసు క్లియరెన్స్, ఆరోగ్య పరీక్ష వేరే. మీ డిగ్రీ పట్టా ఎక్కడుందో మీకు తెలుసా?

భానుమూర్తి (లేచి బీరువా తీసి, తళతళలాడే పట్టా తెచ్చి బల్ల మీద పెడుతూ): నాకు తెలుసు, ఇది 1996 నుంచీ చెక్కు చెదరకుండా ఉందని కూడా తెలుసు. ఎందుకంటే పెళ్లయిన కొత్తలో ఎవరో మహాతల్లి దీనికి చెమ్మ తగలకూడదని, నన్ను ఒక్క మాటైనా అడగకుండా తీసుకెళ్లి లామినేషన్ చేయించింది. ప్లాస్టిక్ మీద ఏ అధికారీ ముద్ర కొట్టడు సుభద్రా.

(సుభద్ర నోరు తెరిచి మూస్తుంది. ఈ ఇంట్లో పద్దులు తేడా రావడం ఇదే మొదటిసారి.)

సుభద్ర: విశ్వవిద్యాలయం వాళ్లు నకలు పట్టా ఇస్తారేమో అడగవచ్చు. ముందు మీరు వాళ్లకు జవాబు రాయండి. 'మే'లన్నీ 'షల్'లు కావాలి, వర్క్ పర్మిట్‌కు తగ్గ వీసా వచ్చాకే విమానం ఎక్కుతాం, జీతం పన్నుకు ముందో తర్వాతో అంకెతో చెప్పాలి, భార్య సంగతి తేల్చాలి.

(భానుమూర్తి కంప్యూటరు ముందు కూర్చుంటాడు. చాలాసేపు టైపు చేస్తాడు, ఒక కామాను పెట్టి, తీసి, మళ్లీ పెడతాడు.)

భానుమూర్తి: నువ్వు చెప్పినవన్నీ రాశాను, ఎక్కుతాం అన్న నీ బహువచనాన్ని కూడా మార్చలేదు. చివరి వాక్యం విను. 'ఐ మే జాయిన్ ఆన్ ది ఫస్ట్ ఆఫ్ సెప్టెంబర్.'

సుభద్ర (వెనక గదిలోంచి): అంటే చేరతారా, చేరరా?

భానుమూర్తి: వ్యాకరణపరంగా అందులో దోషం లేదు. (మెయిల్ పంపి, వెనక గదిలోంచి వస్తున్న కరకర శబ్దం విని) ఏమిటా చప్పుడు? సుభద్రా! పట్టా! బ్లేడు!

సుభద్ర: వాక్యం పూర్తి చేయండి.