ఏ స్టీలో చెప్పరేం?

మడత చాకు డబ్బా మీద ఉత్త ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని వేస్తే ఏం తెలుస్తుంది? 420జే2 అనే స్టీలు రకం కూడా స్టెయిన్‌లెస్సే, 14సీ28ఎన్ అనే రకం కూడా స్టెయిన్‌లెస్సే! మొదటిదాంట్లో కార్బన్ తక్కువ. అంత తేలిగ్గా తుప్పు పట్టదు గానీ నాలుగు అట్టపెట్టెలు కోసేసరికి మొద్దుబారుతుంది. రెండోదానికి హీట్ ట్రీట్‌మెంట్ (కాల్చి చల్లార్చి గట్టిపరచడం) సరిగ్గా చేస్తే, గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ స్కేలు మీద 58–60 వస్తుంది, పదును నిలుస్తుంది. కొనేవాళ్లకు కావలసిన ఆ అంకె ఒక్కటే వెయ్యరు. ‘4 మిల్లీమీటర్ల మందం’ అని మాత్రం పెద్దక్షరాల్లో వేస్తారు. అంత మందం బ్లేడుకు క్యారెట్ తెగదు, పగులుతుంది.

ఇక తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టి ఉంచే లాక్. తెరిచిన బ్లేడు పక్కలకు కదిలితే ఇరుసు స్క్రూ బిగించుకోవచ్చు. పైకీ కిందికీ కదిలిందంటే లాకే సరిగ్గా కూర్చోలేదు. ఆ బ్లేడు వేళ్ల మీద మూసుకోవచ్చు. ఇలాంటివి అసలు ఫ్యాక్టరీ గడప ఎలా దాటిస్తారు?