బోడిగుండుకీ మోకాలికీ

బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టకూడదని తెలుగువాళ్ళు ఏనాడో తీర్మానించేశారు. ఆ తీర్మానం చేసిన పెద్దమనిషి ఎవరో గానీ, అలిపిరి వైపు ఎన్నడూ వెళ్ళి ఉండడు. మోకాళ్ళను నమ్ముకుని 3,550 మెట్లు ఎక్కి, పైన గుండు చేయించుకుని, రెండింటికీ గట్టి ముడి వేసుకుని వచ్చేవాళ్ళు అక్కడ రోజూ కనిపిస్తారు. మా ఇంట్లో కూడా ఈ మధ్య ఆ ముడి పడింది. ఎలా పడిందో చివర్లో మనవి చేస్తాను. ముందు మోకాలి సంగతి.

నా వయసు 61, బరువు 87. ఎక్స్‌రేను వెలుతురుకి ఎత్తి చూసిన డాక్టరుగారు "అరుగుదల మొదలైంది, బరువు తగ్గండి, నడవండి" అన్నారు. నడిస్తే నొప్పి, నడవకపోతే బరువు, బరువు పెరిగితే మళ్ళీ నొప్పి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.

మోకాళ్ళకు డాక్టర్లు ఊరికి కొందరే ఉంటారు గానీ, నిపుణులు మాత్రం ఇంటికి నలుగురు. వాళ్ళందరిదీ ఒకటే సిద్ధాంతం: గుజ్జు అరిగిపోయింది కాబట్టి గుజ్జు పొయ్యాలి. బెండకాయ జిగటగా ఉంటుంది, కనుక రాత్రి నానబెట్టిన బెండకాయ నీళ్ళు తాగితే ఆ జిగట తిన్నగా మోకాల్లోకి దిగుతుంది. మధ్యలో పొట్ట, పేగులు అడ్డొస్తాయేమో అని అడిగేవాళ్ళకు నమ్మకం లేదని అర్థం. మా బావగారు ఇంకో మెట్టు పైన. కాలికి కాలే మందంటూ ప్రతి ఆదివారం మేక కాళ్ళ పాయా పంపించేవారు. మూడు నెలలు గడిచాయి. బెండకాయ జిగట ఎక్కడ దారి తప్పిందో తెలియదు, పాయా మాత్రం నడుం చుట్టూ క్షేమంగా చేరింది.

నిజానికి ఆ గుజ్జు అంటే ఎముకల చివర ఉండే నున్నటి పొర. దానికి రక్తనాళాలు ఉండవు. అడుగు వేసినప్పుడు నొక్కుకుంటుంది, కాలు ఎత్తినప్పుడు కీలులోని జిగురు ద్రవాన్ని స్పాంజిలా పీల్చుకుంటుంది. అదే దాని భోజనం. అంటే పడక్కుర్చీలో కూర్చుని బెండకాయ నీళ్ళు తాగినన్నాళ్ళూ నేను దాన్ని పస్తు పెట్టానన్నమాట.

ఈ మాట చెప్పింది ఫిజియోథెరపీ అమ్మాయి. నన్ను మంచం మీద కాళ్ళు చాపి కూర్చోమంది. తువ్వాలు ఉండలా చుట్టి మోకాలి కింద పెట్టింది. "అంకుల్, తువ్వాలుని కిందికి నొక్కండి. అయిదు లెక్కపెట్టి వదలండి." నొక్కాను. తొడ కండరం బిగిసింది, మోకాలి చిప్ప ఓ పిసరు పైకి జరిగింది, వదిలాను. అలా పదిసార్లు. తర్వాత ఒక కాలు మడిచి, రెండోది తిన్నగా ఓ అడుగు ఎత్తి దించడం. ఆ తర్వాత చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవడం. తొడ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుందట. చేశాక నొప్పి కాసేపు ఉన్నా ఫర్వాలేదు, రెండు గంటలు దాటినా తగ్గకపోతే మర్నాడు తగ్గించి చెయ్యాలట.

ఇంటికొచ్చి చేస్తుంటే కుటుంబమంతా మంచం చుట్టూ చేరింది. "అంతేనా?" అన్నారు బావగారు. "చెమటేదీ?" మన ఇంట్లో ఉన్న తువ్వాలుని మనమే నొక్కుకోవడానికి ఫీజెందుకని మా ఆవిడ అడిగింది. ఆయాసం లేని వ్యాయామానికి మన సమాజంలో పరువు లేదు.

ఆ పరువు కూడా పోయింది కాలనీ ఈతకొలనులో. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు దాదాపు మూడో వంతుకి వస్తుంది. నా లెక్కన 29 కిలోలు. అంటే ఆరో తరగతిలో ఉన్నట్టు. ఆ ఆనందంలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి గంభీరంగా నడుస్తుంటే, నడుముకి ట్యూబు కట్టుకున్న ఓ బుడతడు ఆగి, "తాతా, నీకు ఈత రాదా?" అన్నాడు. రాదన్నాను. తన ట్యూబు ఇవ్వబోయాడు.

ఇక పార్కు. చదునైన దారిలో అరగంట నడక మోకాలికి మంచిదే. కష్టమల్లా గేటు బయట ఉన్న టిఫిన్ బండితోనే. మా వాకింగ్ బృందం నడకలో ఖర్చు పెట్టిందంతా నెయ్యి కారం దోశ రూపంలో అక్కడే తిరిగి జమ చేసుకుంటుంది. అమెరికాలో వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు మోకాళ్ళు అరిగిన 454 మందిని ఏడాదిన్నర పాటు గమనించి 2013లో లెక్కలు ప్రకటించారు. వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళు తగ్గింది సగటున రెండు కిలోల లోపే. దానికి తోడు తిండి కూడా తగ్గించినవాళ్ళు పది కిలోల పైన తగ్గారు. అదే విశ్వవిద్యాలయం అంతకు ముందు, 2005లో, ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని తేల్చింది. ఇదంతా బండి దగ్గర చదివి వినిపించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఇంకో దోశ చెప్పారు.

నేను మాత్రం ఆ బండి ముందు నుంచి తల వంచుకుని వచ్చేశాను. తువ్వాలు, కొలను, రాత్రి రెండే పుల్కాలు. ఆర్నెల్లకి 81కి దిగాను. అంటే అడుగుకి 24 కిలోలు, దాదాపు ఓ బియ్యం బస్తా. కుర్చీలోంచి "అమ్మా" అనకుండా లేస్తున్నాను.

అప్పుడు బయటపెట్టింది మా ఆవిడ. "ఏవండీ, మీ మోకాళ్ళు బాగైతే మెట్లెక్కించి గుండు చేయిస్తానని స్వామికి మొక్కుకున్నాను."

రామానుజులవారు మోకాళ్ళ మీద ఎక్కారని చెప్పే మోకాళ్ళ పర్వతం ఆ దారిలోనే ఉంది. కాళ్ళు చల్లబడి, ఫిజియోథెరపీ అమ్మాయికి ఫోన్ చేశాను. మెట్లు ఎక్కేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకి రెండు మూడింతలు పడుతుందని, దిగేటప్పుడు ఇంకా ఎక్కువని, ఇప్పుడప్పుడే వద్దని కొండంత ధైర్యం ఇచ్చింది. "ఇంకో ఏడాది చూద్దాం అంకుల్. ఎక్కినా దిగడం మాత్రం బస్సులోనే."

స్పీకర్ ఆన్‌లో ఉంది. "దిగడం నేను మొక్కుకోలేదులే" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

ప్రస్తుతం తువ్వాలుని కొంచెం మెల్లగా నొక్కుతున్నాను.