చెంప ఆనని రైఫిల్‌కు స్కోప్ ఎంత ఖరీదైతేనేం

స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి గొట్టం, బిగించిన రైఫిల్‌తో పడుకుని గురి చూస్తున్న మనిషిని ఒకసారి పక్కనుంచి గమనించండి. స్కోప్ సంగతి తరవాత, ముందు మెడ చూడండి. చాలామందికి చెంప స్టాక్ మీద, అంటే రైఫిల్ వెనక భుజానికి ఆనే భాగం మీద, ఆనదు. ఆనితే గడ్డం అంచు ఆనుతుంది, లేదంటే అదీ లేదు. తల స్కోప్ వెనక గాలిలో నిలబడి ఉంటుంది. చెవి కింద కండరం తాడులా బిగుసుకుంటుంది, కాసేపటికి తల సన్నగా వణుకుతుంది. అదే మనిషి లేచి కూర్చుని, తూటాలు చెల్లాచెదురుగా పడ్డ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, "ఈ స్కోప్ మార్చాలి" అంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడని నవ్వలేం. మద్దెల నిజంగానే ఓటిది. కాకపోతే చిల్లు అతను వెతుకుతున్న చోట లేదు.

స్టాక్ పైఅంచు, అంటే చెంప ఆన్చే భాగం, ఒకప్పుడు ఐరన్ సైట్ల, అంటే అద్దాలు లేని మామూలు గురి గుర్తుల, కొలతకు చెక్కినది. ఆ సైట్లు బారెల్‌ను అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి కన్ను కిందికి దిగాలి, దానికి తగ్గట్టు ఆ అంచూ దిగువకు వంగి ఉండేది. స్కోప్ రాగానే చూపు పైకి లేచింది. మామూలు బోల్ట్ రైఫిల్ (ప్రతి తూటాకూ పిడిని చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసే రకం) మీద స్కోప్ మధ్యరేఖ బారెల్ మధ్యరేఖకు సుమారు 38 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. ముందు అద్దం 50 మిల్లీమీటర్లో 56 మిల్లీమీటర్లో ఉన్న స్కోప్ కొని, దాన్ని రైఫిల్‌కు పట్టి ఉంచే రింగులు ఎత్తువి వేశారంటే ఇంకా పైకి పోతుంది. కన్ను మేడెక్కింది, చెంప ఆనే చోటు నేల మీదే ఉండిపోయింది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఐరన్ సైట్లు అసలు లేకుండానే అమ్ముతున్న రైఫిళ్లు ఇవాళ కోకొల్లలు. స్కోప్ తప్ప వేరే గతి లేని రైఫిల్‌కు ఐరన్ సైట్ల నాటి వంపు ఎందుకు? తయారీదారుల పక్షాన ఒక న్యాయం ఉంది, కాదనను. కొనేవారి ముఖం పొడవెంతో, వారు ఏ రింగులు వేస్తారో తయారు చేసేవారికి తెలియదు. తక్కువగా ఉన్నదాన్ని పెంచుకోవచ్చు, ఎక్కువగా ఉన్నదాన్ని చెక్కి తగ్గించడం అందరివల్లా కాదు. సరే, ఒప్పుకున్నాం. మరి ఆ ముక్క రైఫిల్‌తో ఇచ్చే పుస్తకంలో రాస్తే వారి సొమ్మేం పోయింది? ట్రిగ్గర్ గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. చెంప ఊసే ఉండదు.

ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టిన విద్య కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వారు లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4ను స్నైపర్ రైఫిల్‌గా మార్చినప్పుడు, స్కోప్‌తో పాటు స్టాక్ మీద చెంప ఆనే చోట ఒక చెక్క దిమ్మను మరలతో బిగించారు. అమెరికన్ల ఎం1 గారండ్ రైఫిల్ కథ ఇంకా చిత్రం. దానిలో 8 తూటాల క్లిప్ పైనుంచి దిగాలి. నడినెత్తిన స్కోప్ పెడితే దారి మూసుకుపోతుంది. అందుకని స్కోప్‌ను ఎడమకు జరిపారు. స్కోప్ జరిగితే కన్ను జరగాలి, కన్ను జరిగితే చెంప జరగాలి. దాంతో స్టాక్‌కు తోలు మెత్త ఒకటి తాడుతో అల్లి కట్టారు. 1963లో సోవియట్ సైన్యం చేపట్టిన డ్రాగునోవ్ స్నైపర్ రైఫిల్‌కు స్కోప్ వాడేటప్పుడు తగిలించి, వద్దనుకుంటే తీసేసే చెంప మెత్త ఉంటుంది. సైన్యాలకు అప్పుడే తెలిసిన సంగతి మన దాకా వచ్చేసరికి "అదనపు హంగు" అయిపోయింది.

చెంప ఆనకపోతే జరిగే నష్టం మెడనొప్పితో ఆగదు. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, చేయి తగలనివ్వకుండా స్కోప్‌లోకి చూస్తూ తలను మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. రైఫిల్ కదలలేదు, టార్గెట్ కదలలేదు, అయినా క్రాస్‌హెయిర్, అంటే స్కోప్‌లో కనిపించే గురి గీతల కూడలి, టార్గెట్ మీద పాకుతుంది. ఇదే పారలాక్స్. ఏదో ఒక దూరానికి స్కోప్‌ను సరిచేసి ఉంచుతారు, ఆ దూరంలో ఈ పాకుడు ఉండదు. మిగతా దూరాల్లో కన్ను మధ్యరేఖ నుంచి ఎంత తొలగితే గురి అంత తొలగుతుంది. 40 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న స్కోప్‌ను 100 మీటర్లకు సరిచేసి ఉంచారనుకోండి. 200 మీటర్ల దగ్గర ఈ తేడా ఎక్కువలో ఎక్కువ 20 మిల్లీమీటర్లు. అంతేగదా అంటారా? అదే స్కోప్‌ను ఎయిర్ రైఫిల్ మీద పెట్టి 20 మీటర్లలో కాలిస్తే 16 మిల్లీమీటర్ల దాకా రావచ్చు. మంచి ఎయిర్ రైఫిల్ ఆ దూరంలో గుళ్లన్నీ ఒకే రంధ్రంలోకి పంపగలదు. అలాంటి రైఫిల్‌కు 16 మిల్లీమీటర్ల అనిశ్చితిని మనమే చేతులారా తగిలిస్తున్నాం. పక్కన తిప్పే పారలాక్స్ చక్రం ఉన్న స్కోప్ అయితే చాలావరకు సరిచేసుకోవచ్చు. అది లేనివారికి కన్ను ప్రతిసారీ అదే చోటికి రావడం ఒక్కటే దిక్కు, ఆ పని చేయగలిగేది చెంప.

జూమ్ పెంచేకొద్దీ ఈ గొడవ ముదురుతుంది. ముందు అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే స్కోప్ వెనక నుంచి వచ్చే వెలుగు మచ్చ వెడల్పు తెలుస్తుంది. 40 మిల్లీమీటర్ల అద్దం, 4 రెట్ల జూమ్ అయితే 10 మిల్లీమీటర్లు, కన్ను కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ దొరుకుతుంది. 16 రెట్లకు తిప్పితే 2.5 మిల్లీమీటర్లే. తల కొంచెం కదిలిందా, ఒక అంచున నల్లటి నెలవంక కమ్ముకొస్తుంది. దాన్ని తరిమేందుకు తల సవరిస్తారు, అది ఇటు తొలగి అటు వస్తుంది. ఈ దాగుడుమూతల్లో ఊపిరి నిలిపిన సమయం కాస్తా అయిపోతుంది, చివరికి ఓపిక నశించి ట్రిగ్గర్ లాగేస్తారు.

"అలవాటైతే అదే వస్తుంది, మేం ఇన్నేళ్లూ ఇలాగే కాల్చాం" అనే పెద్దలకు నమస్కారం. వస్తుంది, కాదనడం లేదు. అలసట లేనప్పుడు, తొందర లేనప్పుడు, మొదటి కొన్ని గుళ్లకు వస్తుంది. రైఫిల్‌ను బల్ల మీద స్టాండుకు ఆన్చి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల్లో చెంప తగలనివ్వకుండానే అద్భుతంగా కాల్చేవారు ఉన్నారన్నదీ నిజమే. వారి రైఫిల్ బరువంతా స్టాండు మీద ఉంటుంది, వారు దాన్ని మోయడం లేదు. భుజానికి ఆనించి కాల్చేవారు ఆ ఉదాహరణ చూపించడం నేల విడిచి సాము చేయడమే.

ఇక చెంపకు ఆనుడు పెట్టుకునే పద్ధతి. దీనికి కూడా ముందు కొనడం, తరవాత ఆలోచించడం వద్దు. మొదట స్కోప్‌నే వీలైనంత కిందికి దించండి. ముందు భాగం బారెల్‌ను తాకకూడదు, బోల్ట్ పిడి ఎత్తినప్పుడు వెనక భాగానికి తగలకూడదు. ఆ రెండూ చూసుకుని దొరికినంత పొట్టి రింగులు వేయండి. అప్పటికీ చాలకపోతేనే చెంప ఎత్తు పెంచే మాట. వ్యాయామపు చాపల్లో వాడే గట్టి ఫోమ్ ముక్కలు కోసి స్టాక్ మీద ఒకదానిపై ఒకటి పేర్చి, సాగే బ్యాండేజీ గుడ్డతో చుట్టండి. టేపు నేరుగా అంటించారంటే దాని జిగురు వార్నిష్‌ను లేపుతుంది.

రైఫిల్ ఖాళీగా ఉందని కళ్లారా చూసుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. తల బరువంతా మెత్త మీద వదిలేయండి. మెడ పూర్తిగా సడలాక కళ్లు తెరవండి. నల్ల అంచు లేకుండా గుండ్రటి బొమ్మ నిండుగా కనిపించాలి. తల ఎత్తితే గానీ కనిపించకపోతే ఇంకో పొర వేయాలి, చెంపను అదిమితే గానీ కనిపించకపోతే ఒక పొర తీయాలి. పడుకుని, కూర్చుని, నిలబడి మూడు రకాలుగా చూడండి. పడుకున్నప్పుడు తల ముందుకు జరుగుతుంది, కాబట్టి మెత్త పొడవు అక్కడికీ సరిపోవాలి. ఫోమ్ వాడేకొద్దీ అణుగుతుందని గుర్తుంచుకుని, కొన్నాళ్లు అలాగే కాల్చి, ఎత్తు ఖాయమయ్యాకే కట్టుకునే తోలు మెత్తో, ప్లాస్టిక్ దిమ్మో, పైకీ కిందికీ జరిగే చీక్ రెస్టో ఎంచుకోండి. కొలత తెలియకుండా స్టాక్‌కు రంధ్రాలు వేయించుకునేవారిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కొనేటప్పుడు అందమైన ఫొటోలో కనిపించని ఇబ్బందులు కొన్ని ఉంటాయి. బోల్ట్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు ఎత్తు పెంచిన ముందు కొసకు కొట్టుకోవచ్చు. బోల్ట్ తిరిగినా, శుభ్రం చేసే కడ్డీ వెనక నుంచి తిన్నగా దూరకపోవచ్చు. అందుకే మంచి రకాలకు ముందు భాగంలో గాడి ఉంటుంది, లేదా ఎత్తు గుర్తు చెడకుండా మొత్తం పైకి లాగేసే వీలుంటుంది. ఏటవాలు కూడా చూడండి. ముందు కొస వెనక కొస కంటే ఎత్తుగా ఉంటే, రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు ఆ ఎత్తు వచ్చి సరిగ్గా చెంప ఎముక మీద గుద్దుతుంది. ముందుకు వాలి ఉంటే అదే తన్నుకు స్టాక్ చెంప నుంచి జారిపోతుంది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ వాడేవారు చెంపతో గట్టిగా నొక్కితే గుళ్లు వేరే చోట పడతాయి, వారు ఎత్తును తల ఊరికే ఆనేంత వరకే ఉంచుకోవాలి.

బిగించాక స్కోప్ ముందుకో వెనక్కో జరపాల్సి రావచ్చు. తల స్థానం మారింది కాబట్టి కంటికీ అద్దానికీ మధ్య దూరం కూడా మారుతుంది, గట్టిగా తన్నే రైఫిల్ మీద అది తగ్గితే కనుబొమ్మ చిట్లుతుంది. అది చూసుకున్నాక జీరో, అంటే గురి పెట్టిన చోటే తూటా పడేలా చేసిన సర్దుబాటు, మళ్లీ సరిచూసుకోండి, పాత జీరో గాలిలో వేలాడిన తలతో పెట్టింది.